లీవు మన చేతిలో, నీళ్ళు నది చేతిలో

ఈసారి సెలవుల్లో ఇంట్లోవాళ్ళని నది మీద పడవ ప్రయాణానికి తీసుకుపోదామని అనుకున్నాను. అమ్మ, నాయన, అక్క, అక్క పిల్లలిద్దరు, అవ్వ, నేను. మొత్తం ఏడుమంది. ఆఫీసులో ఈ మాట నోరు జారిందో లేదో, తలా ఒక లింకు పంపించేశారు. మా టీములో ఒకాయన ఏకంగా ఎక్సెల్ షీటే ఇచ్చాడు. మనిషికి ఎంత, ఏసీ ఉందా లేదా, భోజనం ఎలా ఉంటుంది, రాత్రి బస గుడారంలోనా గదిలోనా, ఫోటోలు బాగా వచ్చే చోట్లు ఎన్ని, ఎన్ని నక్షత్రాల రేటింగు. పదకొండు కాలమ్స్. కండిషనల్ ఫార్మాటింగు కూడా చేసి పెట్టాడు మహానుభావుడు.

అంతా బాగుంది గానీ, ఆ షీట్లో నది గురించి ఒక్క కాలమ్ కూడా లేదు.

ఆ నెలలో నీళ్ళు ఎంత ఉంటాయి, ఆ పడవ ఎక్కడినుంచి ఎక్కడికి ఎందుకు పోతుంది, ఆ దారి ఎవరు వేశారు, ఒడ్డునున్న ఊళ్ళు ఏమయ్యాయి, ఇవేవీ లేవు. హోటల్ బుక్ చేసుకున్నట్టే నదిని కూడా బుక్ చేసుకోవచ్చని మనం అనుకుంటున్నాం. నాకు కొంచెం అనుమానమొచ్చి, రెండు వారాలు రాత్రిపూట కూర్చుని మన నదుల మీద పడవల చరిత్ర చదివాను. చదివాక తేలిందేమిటంటే, మన తెలుగు నదుల మీద పడవ నడపాలని చూసిన ప్రతివాడికీ, వాడు బ్రిటిష్ ఇంజినీరైనా సరే టూరిస్టు లాంచీ ఓనరైనా సరే, నది ఒకటే సమాధానం చెప్పింది. క్యాలెండరు నీది కాదు, నాది అని.

ముందే చెప్పేస్తున్నా, పడవల గురించి మాట్లాడ్డానికి పుట్టుకతో నాకే అర్హతా లేదు. మాది సోమందేపల్లి. పెనుకొండకీ హిందూపురానికీ నడుమ, బెంగళూరు హైవే మీద. మా దగ్గర ఏరు అంటే ఇసుక. పెన్న కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి హిందూపురం పక్కనుంచి వస్తుంది గానీ, చాలా ఏళ్ళు నీళ్ళతో కన్నా పేరుతోనే ఎక్కువ పారుతుంది. చెరువు మరువ పారిందంటే ఊరంతా పోయి చూసొచ్చే జనం మేము. పడవ అనేదాన్ని నేను మొదట చూసింది సినిమాలోనే. మా అవ్వకి ప్లాన్ చెప్తే, "నీళ్ళ మింద పోయేదానికి దుడ్లు గూడా ఇయ్యల్లా నాయనా? ఆ నీళ్ళే మన తావుకి వచ్చేమాదిరి ఉంటే చూడు" అనింది.

అవ్వ నవ్వులాటకే అనింది. కానీ సరిగ్గా ఈ మాట మీదే, అంటే నీళ్ళని దేనికి వాడాలి, ఎక్కడికి తేవాలి అన్నదాని మీద, నూట యాభై ఏళ్ళ కింద పెద్ద యుద్ధమే జరిగింది. కత్తుల యుద్ధం కాదు, బడ్జెట్ల యుద్ధం. అందులో ఒక పక్క నిలబడినాయన మనకందరికీ తెలిసినవాడే, సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ దొర అనగానే మనకి ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. 1847లో పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా గోదావరికి అడ్డం కట్టిన గోడ అది. దాంతో డెల్టాకి అన్నం వచ్చిందని గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నారు. అయితే ఆయన దృష్టిలో ఆ కాలువలు కేవలం పొలానికి నీళ్ళిచ్చేవి కావు. అవి రోడ్లు కూడా. ఒకే కాలువలో పంటకి నీళ్ళూ పోవాలి, పడవలో ధాన్యమూ పోవాలి. అందుకే ఆ కాలువల మీద అడుగడుగునా లాకులు కట్టారు. కోనసీమ వైపు పోతే ఊళ్ళ పేర్లలోనూ అడ్రసుల్లోనూ 'లాకులు' అన్న మాట ఇంకా వినిపిస్తుంది. లాకు అంటే పడవల లిఫ్టు అనుకోండి. కాలువ మట్టం ఒక్కసారిగా కిందికి దిగే చోట రెండు తలుపుల మధ్య పడవని నిలిపి, నీళ్ళు నింపి పైకెత్తుతారు, లేదా వదిలి కిందికి దించుతారు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు.

కాకినాడ నుంచి గోదావరి కాలువలు, ఏలూరు కాలువ మీదుగా కృష్ణ, అక్కడినుంచి కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ, దాని మీద మద్రాసు దాటి ఇంకా దక్షిణానికి. ఒకప్పుడు ఈ దారంతా పడవలో పోయేవాళ్ళు. ఇప్పుడు మనం ప్యాకేజీ కొనుక్కుని చేద్దామనుకుంటున్న ప్రయాణాన్ని అప్పటి ధాన్యం బస్తాలు రోజూ చేశాయన్నమాట, అదీ ఏ ఫోటోలూ తీసుకోకుండా.

ఇదంతా కోస్తా కథ కదా, మనకెందుకు అనుకోకండి. నాకు నిజంగా ఆశ్చర్యమేసిన సంగతి ఇంకోటుంది. మా రాయలసీమలో కూడా పడవల కాలువ ఉండేది! కర్నూలు–కడప కాలువ, మనం కేసీ కెనాల్ అంటామే, అదే. ఇప్పుడు దాన్ని సాగునీటి కాలువగానే అందరికీ తెలుసు. కానీ దాన్ని తవ్వింది సాగుకీ, పడవలకీ కూడా. తవ్వింది సర్కారు కూడా కాదు. లండన్లో షేర్లు అమ్మి డబ్బు పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీకి సర్కారు హామీ ఇచ్చింది. లాభం వస్తే కంపెనీకి, రాకపోతే నష్టం మన రైతుల పన్నుల మీద. ఇప్పటి మాటల్లో పీపీపీ మోడల్.

1863లో మొదలుపెట్టి 1870 దాకా తవ్వారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట, అక్కడినుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ. తుంగభద్ర నీళ్ళని పెన్న లోయలోకి తెచ్చి, అటునుంచి నెల్లూరు తీరం దాకా కలపాలనేది మొదటి ఊహ. అంటే సీమ నడిబొడ్డు నుంచి సముద్రానికి పడవ దారి! అది కడప దగ్గరే ఆగిపోయింది. కాలువ పూర్తయ్యేసరికి రైలు వచ్చేసింది. కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా మద్రాసు నుంచి రాయచూరు దాకా 1871 నాటికే పట్టాలు పడ్డాయి. కంపెనీ తేరుకోలేకపోయింది. 1882లో సర్కారే కాలువని కొనేసింది. పడవలు మెల్లగా మాయమయ్యాయి, నీళ్ళు మాత్రం పొలాలకి పారుతూనే ఉన్నాయి.

ఈ మధ్యలోనే 1876-78 కరువు వచ్చింది. మా వైపు పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది అదే. అప్పటికి మా పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1882లో గానీ అనంతపురం జిల్లా పుట్టలేదు. ఆ కరువుకి బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు నగరంలో కూవం నదికీ అడయారుకీ మధ్య ఉన్న ఖాళీని కరువు పనుల కింద కూలీలతో తవ్వించి కాలువ కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే 1878లో మొత్తం కాలువకి పెట్టారు. పడవ పోయే దారి ఒక్కటి కనిపిస్తే దాన్ని అందం కింద చూడ్డం మనకి అలవాటు. ఆ దారిలో కొంత ముక్క, తిండి లేనివాళ్ళు గిద్దెడు గింజల కోసం తట్ట మోసి తవ్వింది.

అప్పటికి రిటైరై ఇంగ్లాండులో ఉన్న కాటన్, 1878లో పార్లమెంటు కమిటీ ముందుకొచ్చి గట్టిగా వాదించాడు. రైళ్ళ మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండి, సరుకూ చవగ్గా పోతుంది, పంటా పండుతుంది, రైలు పట్టా మీద గింజ మొలవదు కదా అనేది ఆయన వాదన సారాంశం. ఆ వాదన నెగ్గలేదు. చూశారా, మా అవ్వ, కాటన్ దొర ఒకే పార్టీ!

అయితే కాటన్ ఓడిపోవడానికి రైళ్ళ లాబీ ఒక్కటే కారణం కాదు. ఆయన ప్లానుల్లోనే ఒక పెద్ద ప్రాజెక్టు నది చేతిలో ఫెయిలైంది. మనం ఇప్పుడు టికెట్ కొనుక్కుని పోయే పాపికొండల దారికి సంబంధించిన కథ అది. కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

ధవళేశ్వరం కట్టాక ఆయన కళ్ళు ఎగువ గోదావరి మీద పడ్డాయి. నాగపూరు, బేరారు వైపు నల్లరేగళ్ళలో పత్తి పండుతుంది. దాన్ని బండ్ల మీద బొంబాయికి తోలే బదులు వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో కాకినాడ రేవుకి దింపేస్తే? కాగితం మీద అద్భుతమైన ఐడియా. పైగా 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఇంగ్లాండు మిల్లులకి అక్కడి దూది ఆగిపోయింది. మన పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. డబ్బులు శాంక్షన్ అయ్యాయి.

అడ్డం వచ్చింది బండరాళ్ళు. ఎగువ గోదావరి దారిలో మూడు చోట్ల మైళ్ళకొద్దీ రాతి మెట్టలు. వాటికి 'బ్యారియర్లు' అని పేరు పెట్టారు. మొదటిది భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన ప్రాణహిత వైపు. హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తీసి, లాకులు పెట్టారు. అడవి, మలేరియా, కూలీల కొరత. ఏళ్ళు గడిచాయి, ఖర్చు పెరిగింది, పత్తి ధర పడిపోయింది, నాగపూరుకి బొంబాయి నుంచి రైలు కూడా వచ్చేసింది. 1871లో సర్కారు ప్రాజెక్టుని మూసేసింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. మన ఇండస్ట్రీలో అయితే "సన్‌సెట్ చేశాం" అని ఒక మెయిలు పెట్టి ఊరుకుంటారు.

రాళ్ళని పేల్చి కాలువ తీయొచ్చు. నది తీరుని పేల్చలేం కదా. గోదావరి మంచు కొండల్లో పుట్టిన నది కాదు, వాన నది. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కొన్ని వేల క్యూసెక్కులు కూడా గగనం. వానాకాలంలో అదే చోట లక్షలు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఒకే సర్వరుకి ఒక నెలలో వెయ్యి రిక్వెస్టులు, ఇంకో నెలలో పది లక్షలు వస్తే కెపాసిటీ ప్లానింగు ఏ రకంగా చేస్తారు? ఎగువ గోదావరిలో పడవలకి చాలినంత లోతు ఉండేది వానాకాలం, దాని వెనక కొన్ని నెలలు. ఆ వానాకాలంలోనే వరద కూడా. ఏడాది పొడుగునా ఒక టైం టేబుల్ ప్రకారం సరుకు నడిపే రైలుతో అది ఎట్లా పోటీ పడుతుంది?

తర్వాత 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ బ్రిడ్జి మీద రైలు గోదావరిని దాటేసింది. అప్పటిదాకా రైలు దిగి పడవలో దాటాల్సిన నదిని ఇక కిటికీలోంచి చూస్తూ, పైసలు విసురుతూ దాటడం మొదలైంది. మనం నదిని 'దృశ్యం'గా చూడ్డం అక్కడ మొదలైందని నా ఉద్దేశం. దాని మీద ఆధారపడ్డన్నాళ్ళూ అది దారి. ఆధారపడ్డం మానేశాక అది సీనరీ.

ఇది మన ఒక్కరి కథే కాదు. జర్మనీలో రైన్ నది మీద 1827లో కొలోన్, మైంజ్ ఊళ్ళ మధ్య ఆవిరి పడవలు మొదలయ్యాయి. కోటలు చూడ్డానికి యూరప్ అంతా ఎగబడింది. 1870ల్లో థామస్ కుక్ కంపెనీ నైలు నది మీద టూరిస్టు స్టీమర్లు నడిపింది. ఈనాటి ప్యాకేజీ టూర్ల తాత అదే. మన దేశంలో 2023 జనవరిలో వారణాసి నుంచి డిబ్రూగఢ్‌కి గంగా విలాస్ అని 51 రోజుల క్రూయిజ్ బయలుదేరింది. రైన్ మీద ఇప్పటికీ టూరిస్టు ఓడ పక్కనే బొగ్గు ఓడ, నూనె ఓడ పోతుంటాయి. అంటే అక్కడ నది దారిగానూ బతికే ఉంది. అక్కడ కూడా నదిదే పైచేయి సుమా. 2018లోనూ 2022లోనూ ఎండలకి రైన్ ఎంత తగ్గిందంటే, 2022 ఆగస్టులో కౌబ్ అనే ఊరి దగ్గర నీటి కొలబద్ద 40 సెంటీమీటర్ల కన్నా కిందికి దిగింది. క్రూయిజ్‌కి డబ్బు కట్టినవాళ్ళు కొన్ని చోట్ల బస్సులెక్కాల్సి వచ్చింది.

మళ్ళీ మన గోదావరికి వద్దాం. పత్తి పోయింది, ధాన్యం పడవలు పోయాయి. మరి పాపికొండల్లో లాంచీలు ఎందుకు మిగిలాయి? రోడ్డు లేక. పోలవరానికి పైన కొండలు నదిని రెండు పక్కలా నొక్కేస్తాయి. అక్కడి కొండరెడ్ల, కోయల ఊళ్ళకి నదే రోడ్డు. సంతకి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, పిల్లల్ని హాస్టల్లో దింపాలన్నా లాంచీనే. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీల్లో పోయే భక్తులు ఎప్పుడూ ఉండేవాళ్ళు.

దీన్ని మిగతా తెలుగువాళ్ళందరి కలగా మార్చింది సినిమా. 1964లో 'మూగ మనసులు' పడవ నడిపే గోపిని హీరో చేసింది. 1973లో బాపు 'అందాల రాముడు' రాముడి గుడి దాకా పడవ ప్రయాణాన్నే కథ చేసింది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చేసరికి ఆ పడవ మీద ఎక్కింది మనలాంటి వాళ్ళే, చదువుకుని ఏం చేయాలో తోచని వాళ్ళు. చిన్నప్పుడు మా ఊళ్ళో టీవీలో ఆ సినిమా చూస్తూ, అన్ని నీళ్ళు ఒక్కచోట ఉంటాయా అని మేమంతా నోరెళ్ళబెట్టాం. మన సాఫ్ట్‌వేర్ తరానికి పాపికొండలు అంటే ఆ సినిమాయే. అందులో తప్పేం లేదు. కాకపోతే సినిమాలో నది ఎప్పుడూ డైరెక్టరు చెప్పినట్టే వింటుంది.

ఇప్పుడు చెప్పబోయేది అంత సరదాగా ఉండదు. కానీ పడవ ఎంచుకునేవాళ్ళకి ఎక్సెల్ షీటు కన్నా ఇదే ముఖ్యం.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో అనుమతి లేని టూరిస్టు పడవ తిరగబడింది. 20 మందికి పైగా పోయారు. కార్తీక మాసం ఆదివారం, జనం రద్దీ.

2018 మే 15న పాపికొండల దారిలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. ఇది టూరిస్టులది కాదు. కొండమొదలు వైపు నుంచి వస్తున్న ఊళ్ళవాళ్ళది. గాలివాన వస్తే తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నారు. మునిగినప్పుడు బయటపడలేకపోయారు. దాదాపు 20 మంది, ఎక్కువగా గిరిజనులు. మే 15 కాటన్ పుట్టినరోజు. నదిని దారిగా వాడుకోమని జీవితమంతా చెప్పిన మనిషి పుట్టినరోజునే, ఆ నదిని ఇంకా దారిగా వాడుకుంటున్న చివరి మనుషులు అందులో పోయారు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. సుమారు 50 మంది పోయారు. హైదరాబాదు, వరంగల్లు, విశాఖ, అన్ని వైపులనుంచీ వచ్చిన కుటుంబాలు. ఆ రోజు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల దరిదాపు వరద ఉంది. 200 అడుగులకు పైగా లోతులోకి పోయిన బోటుని, అక్టోబరు 22న గానీ కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి తేలేకపోయింది. మధ్యలో 37 రోజులు.

అసలక్కడ ఏం జరుగుతుందో మనలాంటి ఇంజినీర్లకి అర్థం కావడం కష్టమేమీ కాదు. పోలవరం కింద కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి, పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకి కుదించుకుపోతుంది. ట్రాఫిక్ అంతే, బ్యాండ్‌విడ్త్ తగ్గిపోయింది. ఆ వరదంతా ఆ ఇరుకులోంచే పోవాలి కాబట్టి లోతు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, మలుపుల దగ్గర సుడులు తిరుగుతాయి. మనం 'ఎంత అందంగా ఉందో' అని ఫోటో తీసే ఇరుకే వరదలో ప్రమాదమూ. అందానికీ ప్రమాదానికీ కారణం ఒకటే.

ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. వాళ్ళని కాపాడింది ఒడ్డునున్న ఊళ్ళ జనం. తమ నాటు పడవలేసుకుని వరదలోకి దూకి పోయి లాగారు. నదిని దారిగా వాడేవాళ్ళకి దాని సంగతి తెలుసు. దాన్ని సీనరీగా వాడే మనకి తెలీదు. ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ తర్వాత బోట్లు ఆపేశారు. 2020లో కంట్రోల్ రూములు పెట్టి, నీటిమట్టం, లైసెన్సు, లైఫ్ జాకెట్లు చూసి వదిలే పద్ధతి తెచ్చారు. 2021లో మళ్ళీ పర్యాటకం మొదలైంది. ఇప్పుడు రాజమండ్రి వైపునుంచి పోయేవాళ్ళు గండిపోశమ్మ గుడి దగ్గర ఎక్కాలి. ఒకప్పటిలా పట్టిసీమ నుంచి నేరుగా పోవడానికి లేదు, మధ్యలో పోలవరం కట్టడం అడ్డం వచ్చింది. భద్రాచలం వైపునుంచి వచ్చేవాళ్ళు పోచవరం దగ్గర ఎక్కుతారు.

పోలవరం అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆ జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అది నిండితే లక్షకు పైగా కుటుంబాలు ఇళ్ళు వదలాలి. వరద బోటు దగ్గర మనవాళ్ళని ఒడ్డుకి లాగిన దేవీపట్నం మండలం ఊళ్ళు ఈ ముంపులోవే. ఎన్నో ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. ప్రాజెక్టు వద్దని నేను చెప్పడం లేదు. నీళ్ళు లేని ఊరివాణ్ణి, ఆ మాట నా నోటినుంచి రాదు. మా పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరుకి వచ్చేది కూడా హంద్రీ-నీవా పేరుతో శ్రీశైలం డ్యాము వెనకనుంచి మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తి తెచ్చిన కృష్ణ నీళ్ళే. శ్రీశైలం కట్టినప్పుడు కూడా ఎన్నో ఊళ్ళు మునిగాయి. మా అవ్వ అడిగినట్టు నీళ్ళు మా తావుకి వచ్చాయి గానీ, ఎవరో తావు వదిలితేనే వచ్చాయి. బోటు డెక్కు మీద పాటలకి డాన్సు చేసే ముందు, ఒడ్డున కనిపించే పాడుబడ్డ ఇల్లు ఎవరిదో ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలంటాను.

సరే, ఇంతకీ ఏం ఎంచుకోవాలి? నాకు తేలింది చెప్తాను.

పాపికొండలకి పోవాలంటే వరద కాలం వదిలేయండి. నవంబరు దాటాక నీళ్ళు తేరుకుని, గాలి నెమ్మదించాక పోవడం మేలు. మేలో అయితే గాలివానలున్నాయి, మంటూరు గుర్తుంచుకోండి. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక శాఖ నడిపే లాంచీ దారి సుమారు 110 కిలోమీటర్లు, నల్లమల నడుమ. దాని లెక్క పూర్తిగా తిరగేసి ఉంటుంది. అది పారే నది కాదు, నిలవ నీరు. జలాశయం నిండితేనే లాంచీ కదులుతుంది. అందుకని వానలు బాగా పడ్డ ఏడాది, వర్షాకాలం చివర్లో గానీ కుదరదు. అంత పొద్దు పడవలో కూర్చోలేని పెద్దవాళ్ళుంటే సాగర్ నుంచి నాగార్జునకొండకి లాంచీలో పోయి మ్యూజియం చూసి రావచ్చు. డ్యాము కింద మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన బౌద్ధ క్షేత్రం వస్తువులు ఆ దీవి మీద పెట్టారు. అంటే అదీ ఒక ముంపు కథే.

బుక్ చేసేముందు ఫోన్లో నాలుగు ప్రశ్నలు అడగండి. బోటుకి ఈ ఏటి ఫిట్‌నెస్ ఉందా? ఎంతమందికి అనుమతి, మీరు ఎంతమందిని ఎక్కిస్తారు? లైఫ్ జాకెట్ పిల్లల సైజులో ఉందా? నీళ్ళు పెరిగి ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా? ఈ నాలుగో ప్రశ్న చాలా ముఖ్యం. డబ్బు వెనక్కివ్వననే వాడికి బోటు ఆపాలన్న ఆలోచన రావడం కష్టం. మనక్కూడా అంతే. ఆర్నెల్ల ముందు అప్రూవ్ చేయించుకున్న లీవు, కట్టేసిన అడ్వాన్సు, వచ్చేసిన చుట్టాలు, ఇవన్నీ కలిసి "పర్లేదులే, పోదాం" అనిపిస్తాయి. వరదలో బోటు కదలడానికి ఓనరు ఆశ ఎంత కారణమో, ఒడ్డున నిలబడి తొందరపెట్టే మన ఆత్రం కూడా అంతే కారణం. ఎక్కాక, ఉక్కగా ఉన్నా సరే, భోజనం వేళైనా సరే జాకెట్ తీయొద్దు.

మా సంగతంటారా? దసరాకి అనుకున్నది సంక్రాంతి దాటాక పెట్టుకున్నాం. మేనేజరుకి చెప్తే, "ఎందుకయ్యా మార్చడం, అన్ని టికెట్లూ దొరుకుతున్నాయి కదా" అన్నాడు. టికెట్లు దొరుకుతున్నాయి సార్, గోదావరి ఇంకా అప్రూవ్ చేయలేదు అని చెప్పాను. మా షీట్లో పన్నెండో కాలమ్ ఒకటి చేర్చాను, 'ఆ నెలలో నీటిమట్టం' అని. మొదట దాన్ని బట్టే సార్ట్ చేయండి. ఏసీ, భోజనం, ఫోటోలు ఆ తర్వాత చూసుకోవచ్చు.